విహంగ వర్ణ వైవిధ్యం

చీరల రంగులను వర్ణించేటప్పుడు మనం తరచుగా పక్షులను తలచుకొంటాం. చిలుకపచ్చ, నెమలికంఠం, పావురాయి రంగు – ఈ పేర్లు తెలుగువారికి చిరపరిచితాలు. నేతగాడు నూలుకు రంగు అద్దుతాడు. ఆ రంగుకు పేరును మాత్రం పక్షి నుండి తెచ్చుకొంటాడు. అయితే నూలుకు రంగు పట్టే తీరుకూ, ఈకకు రంగు వచ్చే తీరుకూ ఎంతో భేదం ఉంది. చిలుక ఈకలో ఆకుపచ్చని వర్ణకమంటూ ఏదీ లేదు. నెమలి కంఠంలో నీలి వర్ణకం లేదు. ఆ కంఠంలోని ఈకను మెత్తగా నూరి చూస్తే మిగిలేది ముదురు గోధుమవన్నె పొడి మాత్రమే. మరి ఆ నీలం ఎక్కడి నుండి వచ్చింది? నూరగానే ఎక్కడికి పోయింది?

ఇంతటితో ఆశ్చర్యం ముగియదు. ఒకే జాతికి చెందిన పక్షులు కూడా అన్నీ ఒకే రంగులో ఉండవు. మగదానికీ ఆడదానికీ భేదం ఉంటుంది. పిల్లకూ పెద్దదానికీ భేదం ఉంటుంది. వర్షకాలంలో పసుపువన్నెతో మెరిసిన గిజిగాడు చలికాలంలో పిచ్చుకవలె వెలవెలబోతాడు. ఎడారి అంచున ఉన్న కాకి మెడ ఒక రకంగా, తేమ నేలల్లో ఉన్న కాకి మెడ మరొక రకంగా ఉంటుంది. ఎప్పుడో ఒకసారి తెల్లకాకి కనబడి ఊరంతటినీ వింతపడేట్లు చేస్తుంది. ఈ భేదాలన్నింటికీ కారణాలు ఉన్నాయి. ఆ కారణాలను తెలుసుకొన్నవారికి పక్షి ఒంటిమీది రంగు కేవలం అలంకారంగా కనిపించదు. ఆ పక్షి వంశాన్ని, వయస్సును, ఆహారాన్ని, నివాసాన్ని తెలిపే జీవితచరిత్రగా కనిపిస్తుంది.

ఈక స్వభావం

రంగుల సంగతి తెలియాలంటే ముందుగా ఈక స్వభావాన్ని తెలుసుకోవాలి. మన గోళ్ళు, వెంట్రుకల మాదిరిగానే ఈక కూడా కెరటిన్ అనే ప్రోటీనుతో తయారవుతుంది. ఈక మధ్యలో ఈనె ఉంటుంది. ఈనెకు ఇరువైపులా సన్నని పోగులు, ఆ పోగుల నుండి మరింత సన్నని చిరుపోగులు బయలుదేరుతాయి. చర్మంలోని కుదురులో ఈక పెరుగుతున్నంత కాలం దానికి రక్తప్రసారం ఉంటుంది. వర్ణకాలు ఈకలోకి చేరేది ఆ సమయంలోనే. పెరుగుదల పూర్తికాగానే రక్తప్రసారం ఆగిపోతుంది. అప్పటి నుండి ఈక జీవం లేని వస్తువు.

ఈ ఒక్క విషయం నుండి ఎన్నో సంగతులు బోధపడతాయి. ఊసరవెల్లివలె పక్షి అప్పటికప్పుడు ఈకల రంగు మార్చుకోలేదు. రంగు మారాలంటే పాత ఈక రాలి కొత్త ఈక మొలవాలి. లేదా ఉన్న ఈక అరిగిపోవాలి, మాసిపోవాలి, ఎండకు వెలిసిపోవాలి. సాధారణంగా పక్షులు ఏడాదికి ఒకసారైనా ఈకలను మార్చుకొంటాయి. అందుచేత నేడు మనం చూస్తున్న రంగు, ఆ ఈక మొలిచిన నాటి పక్షి స్థితిని తెలుపుతుంది. ఆ రోజుల్లో అది ఏమి తిన్నదో, ఎంత ఆరోగ్యంగా ఉన్నదో ఈకలో నమోదై ఉంటుంది.

వర్ణకాల వల్ల ఏర్పడే రంగులు

ఈకలకు రంగునిచ్చే వర్ణకాలలో మొదటిది మెలనిన్. మన జుట్టుకు నలుపునిచ్చేది కూడా ఇదే. పక్షి దీనిని తన శరీరంలోనే తయారుచేసుకొంటుంది. ఇందులో ఒక రకం నలుపును, ముదురు గోధుమరంగును ఇస్తుంది. మరొక రకం ఎరుపు కలిసిన గోధుమవన్నెను, లేత పసుపు చాయను ఇస్తుంది. కాకి నలుపు, పిచ్చుక గోధుమరంగు, గుడ్లగూబ ఒంటిమీది చారలు – ఇవన్నీ మెలనిన్ చలువే.

మెలనిన్ రంగునే గాక బలాన్ని కూడా ఇస్తుంది. మెలనిన్ ఉన్న ఈక ఒరిపిడికి తొందరగా అరగదు. ఒళ్ళంతా తెల్లగా ఉండే ఎన్నో పెద్ద పక్షులకు రెక్కల చివరలు మాత్రం నల్లగా ఉండటానికి ఇదొక కారణం. ఎగిరేటప్పుడు ఎక్కువ ఒత్తిడికి, ఒరిపిడికి లోనయ్యేవి ఆ చివరలే కదా!

రెండవ రకం వర్ణకాలు కెరోటినాయిడ్లు. క్యారెట్టుకు నారింజ రంగును, టమాటాకు ఎరుపును ఇచ్చేవి ఇవే. పసుపు, నారింజ, ఎరుపు రంగుల ఈకలు చాలా పక్షులకు వీటివల్లనే ఏర్పడతాయి. అయితే పక్షి వీటిని తన శరీరంలో స్వయంగా సృష్టించుకోలేదు. మొక్కలు, నాచు, కొన్ని సూక్ష్మజీవులు మొదలైనవి వీటిని తయారుచేస్తాయి. పక్షి వాటినో, వాటిని తిన్న పురుగులనో తిని ఆ వర్ణకాలను పొందాలి.

ఆహారాన్ని బట్టి ఒంటి రంగు ఉంటుందనే భావన మన సాహిత్యానికి కొత్త కాదు. శ్రీహర్షుడు రచించిన సంస్కృత నైషధంలో బంగారు హంస దమయంతితో సంభాషిస్తుంది. తాము ఆకాశగంగలోని బంగారు తామరల తూండ్లను ఆరగిస్తామనీ, తినే ఆహారానికి తగినట్లే తమ దేహాలకు ఆ వన్నె కలిగిందనీ, కారణంలోని గుణాలే కార్యానికి సంక్రమిస్తాయనీ అది చెబుతుంది. శ్రీనాథుడు తెనిగించిన కావ్యం ఇదే. బంగారు తామరలు కవి కల్పన. కానీ ఆ హంస చేసిన తర్కం మాత్రం నేటి జీవశాస్త్రానికి సమ్మతమైనదే.

దీనికి ప్రత్యక్ష నిదర్శనాన్ని ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల సరిహద్దులోని పులికాట్ సరస్సు వద్ద చూడవచ్చు. శీతాకాలంలో అక్కడికి వేలాదిగా వచ్చే ఫ్లెమింగో పక్షులు పుట్టుకతో గులాబీరంగులో ఉండవు. పిల్లలు బూడిద రంగులో ఉంటాయి. ఉప్పునీటిలోని నాచును, చిన్న రొయ్యల వంటి జీవులను కొన్నేళ్ళపాటు తింటూ పోగా వాటికి క్రమంగా గులాబీవన్నె సంక్రమిస్తుంది. జంతుప్రదర్శనశాలలలో కెరోటినాయిడ్లు లేని ఆహారం పెట్టినప్పుడు కొత్తగా మొలిచే ఈకలు పాలిపోతాయి. అందుకే వాటి మేతలో ఆ వర్ణకాలను ప్రత్యేకంగా కలుపుతారు.

ఆహారం మారితే రంగు ఎలా మారుతుందో తెలిపే మరొక ఉదాహరణ ఉత్తర అమెరికాలో కనబడింది. అక్కడి సెడార్ వాక్స్‌వింగ్ అనే పక్షి తోక చివర పసుపు పట్టీ ఉంటుంది. 1960వ దశకం నుండి ఈశాన్య ప్రాంతాలలో నారింజరంగు పట్టీ గల పక్షులు కనబడసాగాయి. ఇది కొత్త జాతి కాదు. ఇతర దేశాల నుండి తెచ్చి నాటిన ఒక రకం హనీసకిల్ పొదల పండ్లలో ఎర్రని కెరోటినాయిడ్ ఉంటుంది. తోక ఈకలు మొలిచే రోజుల్లో ఆ పండ్లు తిన్న పక్షులకు ఆ పట్టీ నారింజరంగుకు మారింది. మనిషి తన తోట కోసం నాటిన పొద అడవిపక్షి తోక రంగును మార్చిందన్నమాట.

అయితే ఆహారమే సర్వస్వం కాదు. తిన్న పసుపు వర్ణకాన్ని ఎరుపుగా మార్చుకొనే శక్తి కొన్ని పక్షులకు ఉంటుంది. అందుకు తోడ్పడే జన్యువును 2016లో రెండు పరిశోధక బృందాలు వేర్వేరుగా గుర్తించాయి. అమెరికాలోని హౌస్ ఫించ్ అనే చిన్న పిట్టలో మగవి లేత పసుపు నుండి ముదురు ఎరుపు వరకు పలు చాయల్లో ఉంటాయి. ఆడపక్షులు ఎక్కువ ఎర్రగా ఉన్నవాటినే వరిస్తాయని జాఫ్రీ హిల్ అనే శాస్త్రవేత్త 1991లో ప్రకటించాడు. మంచి మేత సంపాదించగలిగి, రోగాలకు లొంగని పక్షికే గాఢమైన ఎరుపు సాధ్యమవుతుంది. కనుక ఆ ఎరుపు దాని ఆరోగ్యానికి ఒక యోగ్యతాపత్రం వంటిది.

చిలుకల తీరు వీటికి భిన్నమైనది. వాటి ఈకలలోని పసుపు, ఎరుపు వర్ణకాలు ఆహారం నుండి వచ్చినవి కావు. అవి చిలుకల జాతిలోనే కనబడే ప్రత్యేక వర్ణకాలు. వాటిని చిలుకలు స్వయంగా తయారుచేసుకొంటాయి. ఆఫ్రికాలోని తురాకో అనే పక్షుల ఎరుపు మరీ విచిత్రమైనది. ఆ వర్ణకంలో రాగి లోహం ఉంటుంది.

నిర్మాణం వల్ల ఏర్పడే రంగులు

ఇప్పుడు నెమలికంఠం దగ్గరకు వద్దాం. 1665లో ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ హుక్ నెమలి ఈకను సూక్ష్మదర్శినితో పరిశీలించాడు. నీటితో తడిపినప్పుడు దాని రంగులు మాయం కావడం ఆయన గమనించాడు. వర్ణకం వల్ల వచ్చిన రంగైతే తడపగానే పోదు. కాబట్టి ఆ రంగులు వెలుతురు ఈకపై పడి మరలి రావడంలో పుట్టినవని ఆయన భావించాడు. 1704లో ప్రచురించిన గ్రంథంలో న్యూటన్ కూడా నెమలి పింఛపు రంగులకు దానిలోని పలుచని పారదర్శక భాగాలే కారణమని అభిప్రాయపడ్డాడు.

వారి ఊహ సరైనదే. సబ్బుబుడగకు రంగు లేదు. కానీ దానిపై ఇంద్రధనుస్సు రంగులు కదలాడుతాయి. బుడగ పొర పైభాగం నుండి, లోపలి భాగం నుండి మరలి వచ్చిన కాంతి తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి కొన్ని రంగులను బలపరుస్తాయి, కొన్నింటిని అణచివేస్తాయి. నెమలి ఈకలోనూ ఇదే జరుగుతుంది. దాని చిరుపోగులలో మెలనిన్ సన్నని కడ్డీల రూపంలో, కిటికీ ఊచలవలె క్రమంగా అమరి ఉంటుంది. ఆ కడ్డీల మధ్య దూరాన్ని బట్టి ఒకచోట నీలం, ఒకచోట ఆకుపచ్చ, మరొకచోట గోధుమరంగు ప్రకాశిస్తాయని 2003లో చైనా శాస్త్రవేత్తలు నిరూపించారు. ఈ దూరాలను నానోమీటర్లలో కొలుస్తారు. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. ఈకను నూరినప్పుడు ఆ అమరిక చెదిరిపోతుంది. అమరిక చెదరగానే రంగు మాయమవుతుంది. మెలనిన్ గోధుమవన్నె ఒక్కటే మిగులుతుంది.

పాలపిట్ట నీలం కూడా ఇటువంటిదే, కానీ స్వల్ప భేదం ఉంది. నెమలి రంగు చూసే కోణాన్ని బట్టి మారుతుంది. పాలపిట్ట నీలం ఎటునుండి చూసినా దాదాపు ఒకేలా ఉంటుంది. ఆకాశానికి నీలిమ కలిగినట్లుగానే, ఈకలోని సూక్ష్మకణాలు కాంతిని వెదజల్లడం వల్ల ఇటువంటి నీలం ఏర్పడుతుందని ఒకప్పుడు భావించేవారు. విశాఖపట్నంలో పాఠశాల విద్యను అభ్యసించిన నోబెల్ బహుమతి గ్రహీత సి.వి. రామన్ 1930వ దశకంలో పాలపిట్ట ఈకలను తీసుకొని పరీక్షించాడు. ఆకాశపు నీలిమను వివరించే సూత్రం ఒక్కటే ఇక్కడ చాలదనీ, కాంతి తరంగాల పరస్పర కలయికకు కూడా ఇందులో పాత్ర ఉన్నదనీ ఆయన వాదించాడు. ఆరు దశాబ్దాల తరువాత, 1998లో రిచర్డ్ ప్రమ్, ఆయన సహచరులు దక్షిణ అమెరికాకు చెందిన ఒక నీలిపక్షి ఈకలను శోధించి ఈ విషయాన్ని బలపరిచారు. అటువంటి ఈకల పోగులలో కెరటిన్ స్పాంజివలె ఉంటుంది. దానిలోని గాలిరంధ్రాలు పైకి అడ్డదిడ్డంగా కనిపించినా, వాటి మధ్య దూరాలు నీలికాంతి తరంగాలకు సరిపోయేట్లు ఉంటాయి. అందువల్ల నీలం ఒక్కటే బలపడి మన కంటికి చేరుతుంది. లోపల ఉండే మెలనిన్ పొర తక్కిన వెలుగును పీల్చుకొంటుంది. రాలిపడిన నీలి ఈకను వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే అది నీలంగా గాక గోధుమరంగుగా కనబడటానికి కారణం ఇదే.

చిలుకపచ్చ రహస్యం కూడా ఇప్పుడు తేటతెల్లమవుతుంది. రామచిలుక ఈకలోని నిర్మాణం నీలాన్ని ఇస్తుంది. దానిపై పసుపు వర్ణకం ఉంటుంది. ఈ రెండూ కలిసి ఆకుపచ్చ అవుతుంది. తెలుగులో ‘పచ్చ’ అనే మాట పసుపునూ, ఆకుపచ్చనూ రెండింటినీ సూచించడం ఈ సందర్భంలో గుర్తుకు వస్తుంది. పసుపు వర్ణకం తయారుకాని చిలుక నీలంగా కనబడుతుంది. పెంపకందారుల వద్ద కనబడే నీలి బడ్జెరిగార్ చిలుకలు ఇటువంటివే. ఒకే ఒక జన్యువులో కలిగిన చిన్న మార్పే ఇందుకు కారణమని 2017లో తేలింది.

వయస్సు, లింగం, ఋతువు

ఒకే పక్షి జీవితంలోని దశలను బట్టి కూడా రంగులు మారుతుంటాయి. గరుడపక్షి పిల్లదశలో అంతా గోధుమరంగులో ఉంటుంది. పెద్దదైన తరువాతనే తెల్లని తల, ఎర్రమట్టి వన్నె రెక్కలు వస్తాయి. రంగు రాని పిల్లపక్షిని పెద్దపక్షులు పోటీదారుగా భావించవు. ఆ సాదా రంగు దానికి ఒక రక్షణ.

మగపక్షులు అందంగా, ఆడపక్షులు సాదాగా ఉండటం చాలా జాతులలో కనబడుతుంది. ఆడపక్షులు అందమైన మగవాటిని తరతరాలుగా వరిస్తూ రావడం వల్ల ఆ అందం పెంపొందిందని డార్విన్ 1871లో ప్రతిపాదించాడు. దీనిని లైంగిక వరణం అంటారు. గూటిలో కదలకుండా పొదిగే ఆడపక్షికి మట్టిరంగు శత్రువుల కంటబడకుండా తోడ్పడుతుంది. పొదిగే బాధ్యత మగదానిదైతే రంగులు కూడా తారుమారవుతాయి. ఉల్లంకిపిట్టను పోలిన పెయింటెడ్ స్నైప్ మన దేశపు చిత్తడినేలల్లో ఉంటుంది. ఇందులో గుడ్లు పొదిగి పిల్లలను సాకేది మగపక్షి. అందుకు తగినట్లే ఆడపక్షి మగదానికంటె ప్రకాశవంతంగా ఉంటుంది.

ఈ భేదాన్ని హార్మోన్లు శాసిస్తాయి. లండన్‌లోని జాన్ హంటర్ అనే శస్త్రవైద్యుడు 1780లో ఒక వింతను నమోదు చేశాడు. పిల్లలను పెంచిన ఒక ఆడనెమలికి వృద్ధాప్యంలో మగనెమలి ఈకలు మొలిచాయి. నెమలి, కోడి, బాతు జాతులలో అండాశయం నుండి వెలువడే హార్మోను ఆడపక్షికి సాదా ఈకలను కలిగిస్తుంది. అండాశయం పనిచేయడం మానితే అడ్డు తొలగి, మగపక్షి వేషం బయటపడుతుంది. కాబట్టి ఈ జాతులలో ఆ సోయగానికి మూలమైన జన్యువులు ఆడపక్షిలోనూ ఉన్నాయన్నమాట.

ఋతుభేదానికి గిజిగాడే మంచి ఉదాహరణ. గూళ్ళు అల్లే కాలంలో మగపక్షి నెత్తిన నిండు పసుపు, ముఖాన నలుపు వస్తాయి. ఆ కాలం గడచిన తరువాత ఈకలు మార్చుకొని ఆడపక్షిని పోలి ఉంటుంది. పశువుల వెంట తిరిగే తెల్లకొంగకు కూడా సంతానకాలంలో తలమీద, మెడమీద, వీపుమీద బంగారువన్నె వస్తుంది.

పిచ్చుకది ఇంకొక దారి. మగపిచ్చుక గొంతుకింద నల్లని మచ్చ ఉంటుంది. ఈకలు మారిన కొత్తలో ఆ నల్ల ఈకల కొనలు లేతరంగులో ఉండి మచ్చను మరుగుపరుస్తాయి. నెలలు గడిచేకొద్దీ ఆ కొనలు అరిగిపోతాయి. గూడు కట్టే వేళకు మచ్చ నిండుగా బయటపడుతుంది. కొత్త ఈక మొలవకుండానే, కేవలం అరుగుదల చేతనే పిచ్చుక పెండ్లికొడుకవుతుంది.

ఇవన్నీ మన కంటికి కనబడే రంగులు. కానీ పక్షుల చూపు మనకంటె విస్తృతమైనది. మన కంటిలో రంగులను గుర్తించే కణాలు మూడు రకాలు. పక్షులలో నాలుగు రకాలు. చాలా పక్షులు మనం చూడలేని అతినీలలోహిత కాంతిని చూడగలవు. ఐరోపాలోని బ్లూ టిట్ అనే పిట్టలో ఆడదీ మగదీ మనకు ఒకేలా కనబడతాయి. కానీ వాటి నెత్తిమీది ఈకలు అతినీలలోహిత కాంతిని వేర్వేరు పాళ్ళలో ప్రతిఫలిస్తాయని 1998లో తెలిసింది. మనకు లేని భేదం వాటికి స్పష్టంగానే ఉంది.

వంశపారంపర్యం

ఒకే జాతిలో, ఒకే చోట, ఒకే వయస్సు గల పక్షులు కూడా పుట్టుకతో వేర్వేరు రంగుల్లో ఉండవచ్చు. ఉత్తర అమెరికాలోని స్నో గూస్ బాతులలో తెల్లనివీ, నీలిబూడిద వన్నెవీ ఉంటాయి. పూర్వం వీటిని రెండు జాతులుగా భావించారు. మెలనిన్ ఉత్పత్తిని నియంత్రించే ఒక్క జన్యువులోని భేదమే ఇందుకు మూలమని 2004లో గుర్తించారు.

శీతాకాలంలో మన దేశానికి వలస వచ్చే రఫ్ అనే నీటిపక్షి కథ మరింత ఆసక్తికరమైనది. సంతానకాలంలో ఈ జాతి మగపక్షులు మూడు రకాలుగా ఉంటాయి. మెడచుట్టూ ముదురు రంగు ఈకల కుచ్చు గలవి తమ స్థలం కోసం పోరాడతాయి. తెల్లని కుచ్చు గలవి పోరాడకుండా వాటి పక్కన చేరి ఆడపక్షులను ఆకర్షిస్తాయి. మూడవ రకం మగవి చాలా అరుదు. ఇవి అచ్చం ఆడపక్షులవలె ఉండి చాటుగా తిరుగుతాయి. సుమారు 38 లక్షల సంవత్సరాల క్రితం ఒక క్రోమోజోములోని ముక్క తలకిందులుగా అతుక్కోవడమే ఈ భేదాలకు మొదలని 2016లో ప్రచురితమైన పరిశోధనలు తెలిపాయి. రంగుతోపాటు స్వభావం కూడా వారసత్వంగా రావడం ఇక్కడ గమనించదగినది.

తెల్లకాకి, తెల్లపిచ్చుక వంటివి జన్యువులలో అరుదుగా కలిగే మార్పుల ఫలితాలు. ఇటువంటివాటన్నింటినీ ‘ఆల్బినో’లు అనడం పరిపాటి. అది సరికాదు. నిజమైన ఆల్బినోలో మెలనిన్ బొత్తిగా తయారుకాదు. కళ్ళు కూడా ఎర్రగా ఉంటాయి. చూపు మందగించడం వల్ల అడవిలో అది ఎక్కువకాలం బ్రతకడం కష్టం. కళ్ళు మామూలుగా ఉండి, ఈకలు మాత్రమే పూర్తిగా గాని, కొంతమేర గాని తెల్లబడితే దానిని ల్యూసిజం అంటారు. తెల్లనెమలి ఇటువంటిదే. అది వేరే జాతి కాదు. దాని ఈకలలో మెలనిన్ కడ్డీలు లేవు. కడ్డీలు లేవు గనుక నీలమూ లేదు. నెమలి నీలానికి నల్లని మెలనిన్ ఎంత అవసరమో ఈ తెల్లనెమలి చాటుతుంది.

నేల, నీరు, వాతావరణం

వేడిగా, తేమగా ఉండే ప్రదేశాలలోని పక్షులు, పొడినేలల్లోని తమ జాతివారికంటె ముదురు రంగులో ఉంటాయని జర్మన్ శాస్త్రవేత్త గ్లోగర్ 1833లో సూచించాడు. దీనికి మన ఊరకాకే సాక్షి. వాయవ్య భారతం, పాకిస్తాన్‌లలోని పొడినేలల్లో ఊరకాకి మెడ బాగా లేతగా ఉంటుంది. దక్షిణ భారతంలో, శ్రీలంకలో బూడిదరంగు చిక్కబడుతుంది. వానలు ఎక్కువగా కురిసే మయన్మారులో మెడ మరింత నల్లబడి, తక్కిన ఒంటితో దాదాపు కలిసిపోతుంది. తేమనేలల్లో ఈకలను తినే సూక్ష్మజీవులు ఎక్కువ. మెలనిన్ నిండిన ఈకలు వాటికి తొందరగా లొంగవు. ముదురు రంగు పరిసరాలలో ముదురు ఈకలు శత్రువుల కన్ను కప్పుతాయి. గ్లోగర్ సూత్రానికి ఇటువంటి కారణాలను చెబుతారు.

ఇటువంటి మార్పునకు లక్షల సంవత్సరాలే పట్టాలన్న నియమం లేదు. పిచ్చుకలను 1850వ దశకంలో ఐరోపా నుండి ఉత్తర అమెరికాకు తీసుకొనిపోయారు. సుమారు ఒక శతాబ్దం గడిచేసరికే ఎడారి ప్రాంతపు పిచ్చుకలు లేతగా, తేమ ప్రాంతపు పిచ్చుకలు ముదురుగా మారాయని 1964లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఫిన్లాండులో టానీ గుడ్లగూబలు బూడిదరంగులోనూ, గోధుమరంగులోనూ ఉంటాయి. మంచు దట్టంగా కురిసే చలికాలాల్లో గోధుమరంగువి ఎక్కువగా మరణించేవి. చలికాలాలు వెచ్చబడటంతో వాటి సంఖ్య పెరుగుతున్నదని 2011లో వెల్లడైంది. భూతాపం గుడ్లగూబ రెక్కలమీద కూడా తన గుర్తును వేస్తున్నది.

మనిషి వదిలే కాలుష్యమూ ఈకలలో నమోదవుతుంది. ఫిన్లాండులోనే ఒక రాగి కర్మాగారం పరిసరాలలో పెరిగిన గ్రేట్ టిట్ పిల్లల పసుపు పాలిపోయి ఉండటాన్ని పరిశోధకులు గమనించారు. కెరోటినాయిడ్లను అందించే గొంగళిపురుగులు అక్కడ తగ్గిపోవడమే ముఖ్యకారణం. అమెరికా మ్యూజియంలలో 135 సంవత్సరాల కాలంలో సేకరించి భద్రపరచిన వెయ్యికి పైగా పక్షులను ఇద్దరు పరిశోధకులు పోల్చిచూసి 2017లో తమ ఫలితాలను ప్రచురించారు. బొగ్గు విపరీతంగా కాల్చిన ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళలో సేకరించిన పక్షుల ఈకలు మసిబారి ఉన్నాయి. గాలిని శుభ్రపరిచే చట్టాలు వచ్చిన తరువాతి పక్షులు తేటగా ఉన్నాయి. నాటి గాలి ఎలా ఉండేదో తెలిపే సాక్ష్యం పక్షుల ఈకలలో దొరికింది.

రంగును ప్రేమించడం అంటే

రంగులపై మనిషికి గల మోజు పక్షులకు ప్రాణాంతకమైన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దం చివర ఐరోపా, అమెరికా స్త్రీల టోపీలలో ఈకలు ధరించడం నాగరికతగా చెలామణి అయింది. సంతానకాలంలో కొంగలకు వచ్చే సుకుమారమైన ఈకల కోసం వాటిని గూళ్ళ వద్దనే చంపేవారు. దానిని ఎదిరిస్తూ 1889లో ఇంగ్లండులో స్త్రీలే ఒక సంఘాన్ని స్థాపించారు. మన దేశం నుండి ఈకల ఎగుమతిని 1902లో నాటి ప్రభుత్వం నిషేధించింది.

ఆ టోపీల కాలం గడిచిపోయింది. కానీ మోజు వేరే రూపంలో మిగిలే ఉంది. పాలపిట్ట తెలంగాణ రాష్ట్రపక్షి. విజయదశమి నాడు దానిని చూస్తే శుభమని ప్రజల నమ్మకం. ఊరి పొలిమేర దాటి, చేలగట్ల మీద నిలిచి, అది రెక్క విప్పే క్షణం కోసం ఎదురుచూడటం పూర్వుల ఆచారం. ఇప్పుడు కొందరు పాలపిట్టలను ముందుగానే పట్టి, కాళ్ళు కట్టి, రెక్కలు కత్తిరించి, పంజరంలో పెట్టి చూపి సొమ్ము చేసుకొంటున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరం.

చట్టం సంగతి అలా ఉంచి, ఇంతవరకు తెలుసుకొన్న విషయాలనుబట్టి ఆలోచించినా ఇందులోని అన్యాయం అర్థమవుతుంది. కొమ్మమీద ముడుచుకొని కూర్చొన్న పాలపిట్ట మట్టిరంగు పిట్టగానే కనిపిస్తుంది. ముదురు నీలం, లేత నీలం పట్టీలు దాని రెక్కలలో, తోకలో దాగి ఉంటాయి. ఎగిరినప్పుడే అవి విప్పారుతాయి. పంజరంలో రెక్క విప్పే చోటు లేదు. పోనీ, తరువాత విడిచిపెట్టినా లాభం లేదు. ఈక జీవం లేని వస్తువు. కత్తిరించిన ఈక పెరగదు. అది రాలి, కొత్తది మొలిచే వరకు, నెలల తరబడి ఆ పక్షి సరిగా ఎగరలేదు, మేత సంపాదించుకోలేదు. శుభం కోరి చేసిన దర్శనం దానికి మరణశాసనమవుతుంది. దేశంలో పాలపిట్టల సంఖ్య తగ్గుతున్నదని 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక హెచ్చరించిన నేపథ్యంలో ఈ విషయాన్ని తేలికగా తీసుకోరాదు.

వంశం నుండి జన్యువులు, నేల నుండి ఆహారం, కాలం నుండి హార్మోన్ల మార్పు, గాలి నుండి తేమ, సూర్యుని నుండి వెలుగు – ఇన్ని కలిసి వస్తేనే ఒక ఈకకు రంగు వస్తుంది. ఇందులో ఏ ఒక్కటి లోపించినా ఆ లోపం రెక్కమీద కనబడుతుంది. కాబట్టి పక్షి రంగును కాపాడటం అంటే పక్షిని బంధించి ఉంచుకోవడం కాదు. అది తిరిగే చెరువును, మేసే చేనును, ఎగిరే ఆకాశాన్ని కాపాడటం. విద్యార్థులు తమ ఊరి పిచ్చుకను, కాకిని, కొంగను ఏడాది పొడవునా శ్రద్ధగా గమనిస్తే ఈ పాఠంలో చెప్పిన మార్పులలో కొన్నింటినైనా స్వయంగా చూడగలుగుతారు. అందుకు పంజరం అక్కరలేదు. ఓపిక గల కన్నులు చాలు.